పాత బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సిరీస్ మళ్ళీ చూడాలంటే ఉన్న డీవీడీలు సరిపోతాయా, బ్లూరే కొనాలా?

మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు టీవీలో చూసిన 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్'ని ఏడేళ్ల మీ అబ్బాయికి చూపిద్దామని పాత డీవీడీ సెట్ బయటికి తీశారు. పెద్ద టీవీలో పెడితే బొమ్మ కదిలినప్పుడల్లా దువ్వెన పళ్ళలా గీతలు, చీకటి సీన్లలో గళ్ళు గళ్ళు. పోనీ బ్లూరే కొందామంటే దాన్నిండా చుక్కలేనని ఎవరో రాసింది చదివారు. వీటన్నిటికీ తోడు, మళ్ళీ చూస్తే చిన్నప్పటి ముచ్చట కాస్తా పోతుందేమోనని టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. బ్లూరే తీసుకోండి. ఆ చుక్కలున్నాయి కాబట్టే తీసుకోమంటున్నాను. కాకపోతే డబ్బు పెట్టేముందు టీవీలో నాలుగు సెట్టింగులు మార్చి, ఇంట్లో ఉన్న డీవీడీనే ఇంకోసారి చూడండి. మీరు చెప్పిన గొడవల్లో సగం డిస్కువి కావు, టీవీవి. ఇక అబ్బాయికి మాత్రం మొదటి డిస్కు మొదటి ఎపిసోడ్‌తో కాకుండా 'హార్ట్ ఆఫ్ ఐస్'తో మొదలుపెట్టండి. ఎందుకో కింద చెప్తాను.

నా సంగతి: పద్నాలుగేళ్లు ఒక స్టూడియోలో ఫిల్మ్‌ని వీడియోకి, టేపుల్ని డిస్కులకి మార్చే పని చేశాను. చేతిలోంచి వెళ్ళినవాటిలో పాత కార్టూన్లే ఎక్కువ. ఈ సిరీస్ పని మాత్రం నేను చేయలేదు, దీన్ని మీలాగే కొనుక్కుని చూశాను. రెండు రకాల సెట్లూ నా దగ్గర ఉన్నాయి.

ఆ దువ్వెన గీతలు ఎక్కడివి?

కార్టూన్‌ని కెమెరా కింద పెట్టి ఒక్కో ఫ్రేము చొప్పున ఫిల్మ్ మీదకి తీసిన కాలం అది. ఫిల్మ్‌కి సెకనుకి 24 ఫ్రేములు. అమెరికా టీవీకేమో సెకనుకి దాదాపు 30 ఫ్రేములు, అవి కూడా సగాలుగా: ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. అంటే సెకనుకి 60 సగాలు. 24ని 60లో సర్దాలంటే ఒక ఫిల్మ్ ఫ్రేముకి రెండు సగాలు, తర్వాతి దానికి మూడు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు ఇవ్వాలి. ఇలా సర్దితే ప్రతి అయిదు వీడియో ఫ్రేముల్లో రెండింటిలో సగం ఒక ఫ్రేముది, సగం తర్వాతి ఫ్రేముది కలిసిపోతాయి.

పాత డబ్బా టీవీ ఆ సగాల్ని ఒకదాని తర్వాత ఒకటిగా గీసేది కాబట్టి కంటికి తెలిసేది కాదు. ఇప్పటి పలక టీవీ మొత్తం ఒక్కసారే చూపిస్తుంది. మధ్యలో ఉన్న ప్లేయరో టీవీయో ఆ వరసని పసిగట్టి, కలిసిపోయినవాటిని విడదీసి, అసలు 24 ఫ్రేముల్ని తిరిగి పేర్చాలి. మంచి ప్లేయర్లలో దీనికి 'ఫిల్మ్ మోడ్' లాంటి సెట్టింగు ఉంటుంది. కంప్యూటర్‌లో చూస్తుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో డీఇంటర్లేస్ (ఆ సగాల్ని సరిచేసే సెట్టింగు) ఆన్ చేసి చూడండి. అయితే టేపు మీద ఎడిటింగ్ జరిగిన కార్యక్రమాల్లో ప్రతి కట్ దగ్గరా ఈ రెండు-మూడు వరస తెగిపోతుంది. అక్కడ ప్లేయర్ ఒక్క క్షణం తడబడుతుంది, ఆ క్షణంలోనే మీకు దువ్వెన కనిపిస్తుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. కంప్యూటర్‌లో డీఇంటర్లేస్ ఆఫ్ చేసి, ఎవరైనా వేగంగా చెయ్యి విసిరే చోట పాజ్ చేసి, ఒక్కో ఫ్రేమూ ముందుకి జరపండి. అయిదింటిలో ఒకటో రెండో దువ్వెనలా, మిగతావి శుభ్రంగా ఉంటే డిస్కు బాగానే ఉన్నట్టు, తప్పు ప్లేయర్‌ది. 'రెండు రావాలి కదా, ఒకటే వచ్చిందేం' అని కంగారు పడొద్దు. కార్టూన్‌లో చాలాచోట్ల ఒకే బొమ్మని రెండు ఫ్రేములపాటు తీస్తారు, అంటే సెకనుకి 12 బొమ్మలే. కలిసిపోయిన రెండు సగాలూ ఒకే బొమ్మవైతే గీతలెలా వస్తాయి?

టీవీ మీద చేయాల్సిన పని

సెకనుకి 12 బొమ్మలే అన్నాను కదా, మీ టీవీకి ఇది నచ్చదు. మధ్యలో లేని బొమ్మల్ని తనే ఊహించి దూరుస్తుంది. దాన్నే మోషన్ స్మూతింగ్ అంటారు, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. క్రికెట్‌కి బాగుంటుందేమో గానీ కార్టూన్‌కి విషం. చెయ్యి ఇక్కణ్ణుంచి అక్కడికి ఠక్కున వెళ్ళాలని యానిమేటర్ గీస్తే, టీవీ దాన్ని జిగురులా సాగదీస్తుంది. ముందు దాన్ని పూర్తిగా ఆపేయండి. తర్వాత షార్ప్‌నెస్‌ని బాగా తగ్గించండి. అది ఎక్కువైతే ప్రతి నల్లగీత పక్కనా తెల్లటి నీడ పుడుతుంది. పిక్చర్ మోడ్‌ని 'వివిడ్' నుంచి 'సినిమా'కి మార్చండి. నాలుగోది, బొమ్మ వెడల్పు 4:3లోనే (పాత టీవీ ఆకారంలోనే) ఉందో లేదో చూసుకోండి.

ఈ నాలుగూ చేశాక చాలామంది 'డీవీడీ ఇంత బాగుందా' అంటారు. మీకూ అంతే అనిపిస్తే బ్లూరే ఖర్చు కొన్నాళ్ళు వాయిదా వేసుకోవచ్చు.

గళ్ళ సంగతి వేరు, అది డీవీడీ బలహీనతే

కార్టూన్ నేపథ్యాలు మామూలుగా తెల్ల కాగితం మీద వేస్తారు. ఈ సిరీస్‌కి దాని రూపకర్తల్లో ఒకడైన ఎరిక్ రడామ్‌స్కీ నల్ల కాగితం మీద రంగులు వేసే పద్ధతి పెట్టాడు. అంటే చీకటిని రంగుతో తేలేదు, చీకటిలోంచి వెలుతురుని బయటికి తీశారు. బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్ భవనాల అంచులు మాత్రమే మెరుస్తూ, మిగతాదంతా మసిలా ఉండడానికి కారణం అదే. దీనికి వాళ్ళే సరదాగా 'డార్క్ డెకో' అని పేరు పెట్టుకున్నారు.

చూడ్డానికి అద్భుతం, డీవీడీకి మాత్రం నరకం. డీవీడీలో వీడియోని కుదించేటప్పుడు బొమ్మని చిన్న చిన్న చదరాలుగా కోసి, కంటికి పెద్దగా తెలియదనుకున్న వివరాన్ని పారేస్తారు. ముందుగా బలయ్యేది చీకటిలోని వివరమే. నలుపులోంచి ముదురు నీలంలోకి మెల్లగా మారే ఆకాశం మెట్లు మెట్లుగా, గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. మీ టీవీ 'వివిడ్'లో ఉంటే నలుపుని పైకి లేపి ఆ గళ్ళని ఇంకా బాగా చూపిస్తుంది. సెట్టింగులతో కొంత తగ్గుతుంది గానీ పోదు.

ఇక్కడే బ్లూరే తేడా తెలుస్తుంది. 2018లో వచ్చిన బ్లూరేని 35 ఎంఎం ఫిల్మ్ నుంచి కొత్తగా రీమాస్టర్ చేశారు. అమెరికా డీవీడీ ఫ్రేము 720×480, అంటే సుమారు 3.45 లక్షల పిక్సెళ్ళు. బ్లూరేలో 4:3 బొమ్మకి దక్కేది 1440×1080, అంటే 15.55 లక్షలు. నాలుగున్నర రెట్లు. కుదింపు పద్ధతి కూడా మెరుగైనది కాబట్టి ఆ నల్ల కాగితం చివరికి నల్ల కాగితంలా కనిపిస్తుంది.

ఇక ఆ చుక్కలు

దాన్ని గ్రెయిన్ అంటారు. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడేదే ఆ రేణువులతో. పైన పడిన మురికి కాదది. దాన్ని తీసేయమంటే బొమ్మలో కొంత తీసేయమన్నట్టే. ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, నా చేత్తో చేసిన పాపం ఒకటుంది.

చాలాకాలం కిందట ఒక పాత పిల్లల సిరీస్ మా దగ్గరికి వచ్చింది. తెచ్చినాయన ఒకటే మాట: 'ఒక్క దుమ్ము చుక్క కనిపించకూడదు, కొత్తగా తీసినట్టుండాలి.' శుభ్రం చేసే యంత్రాన్ని బాగా పెంచి పెట్టాను. ఆ యంత్రం పనిచేసే తీరు ఏమిటంటే, ఒక ఫ్రేముని దాని ముందు వెనక ఫ్రేములతో పోల్చుకుంటుంది. ఒక్క ఫ్రేములో కనిపించి మాయమైనదేదైనా సరే దాని లెక్కలో దుమ్మే. మనుషులతో తీసిన సినిమాకి అది చాలావరకు నిజం. కార్టూన్‌లో వేగంగా కదిలే చేతి గీత, తల తిప్పినప్పుడు దవడ అంచు, కొరడా కొస, ఇవన్నీ ఒకటి రెండు ఫ్రేములే ఉంటాయి. యంత్రం వాటిని కూడా ఊడ్చేసింది.

రాత్రంతా అది నడిచింది. పొద్దున వచ్చి చూస్తే ఒక వీధి సీను. జనం గొడుగులు పట్టుకుని, భుజాలు ముడుచుకుని, గుంటలు దాటుకుంటూ నడుస్తున్నారు. వాన లేదు. ఫ్రేముకో చోట పడే సన్నటి వాన గీతలన్నిటినీ యంత్రం దుమ్మని తుడిచేసింది. చప్పుడు మాత్రం ఉంది, ధారగా కురుస్తున్న చప్పుడు. తెచ్చినాయనకి చూపిస్తే చాలా సంతోషించాడు, ఎంత శుభ్రంగా ఉందో అన్నాడు. నేను ఏమీ చెప్పకుండా ఇంకో మూడు రాత్రులు కూర్చుని, యంత్రాన్ని దాదాపు ఆపేసి, నిజమైన దుమ్ముని మాత్రం చేత్తో తీశాను. ఆ మూడు రాత్రుల డబ్బు నాకు రాలేదు. వాన మాత్రం వచ్చింది.

అందుకే పాత కార్టూన్ డిస్కు మీద కాస్త గ్రెయిన్, సెల్ (బొమ్మ గీసే పారదర్శకమైన షీటు) మీద అక్కడక్కడా ఒక దుమ్ము రేణువు, బొమ్మ కింద సన్నటి నీడ కనిపిస్తే నాకు నమ్మకం కలుగుతుంది. ఆ షీటు వెనకవైపు రంగు వేసి, నేపథ్యం మీద పరిచి ఫొటో తీశారని అవి చెప్తాయి. మైనపు బొమ్మలా నున్నగా ఉంటేనే నాకు అనుమానం.

వెడల్పు విషయంలో మోసపోకండి

పాత సిరీస్‌లని కొందరు పెద్ద టీవీ నిండేలా 16:9కి కోసి అమ్ముతారు. లెక్క కట్టండి, 4:3 బొమ్మని అలా నింపాలంటే ఎత్తులో పాతిక శాతం పోతుంది. తల పైభాగం, కాళ్ళు, కొన్నిసార్లు ఏకంగా జోకే పోతుంది. 2019లో డిస్నీ ప్లస్‌లో 'ది సింప్సన్స్' పాత ఎపిసోడ్లు ఇలాగే కోసి వచ్చాయి. అందులో బీరు ఫ్యాక్టరీ సీనొకటి ఉంది: మూడు వేర్వేరు రకాల బీర్ల పేర్లున్న తొట్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి బీరు వస్తుంటుంది. ఆ గొట్టం ఫ్రేము పైభాగంలో ఉంది. కోత పడ్డాక గొట్టమూ లేదు, నవ్వూ లేదు. జనం గోల చేస్తే 2020లో 4:3 కూడా పెట్టారు. 'డ్రాగన్ బాల్ జీ'కి కూడా కోసిన డిస్కులు వచ్చాయి. కొనేముందు అట్ట వెనక 4:3 అని ఉందో లేదో చూడడం అందుకే. బ్యాట్‌మ్యాన్ బ్లూరే 4:3లోనే ఉంది, భయం లేదు.

పక్కన నల్ల పట్టీలు చూసి మీ వాడు 'టీవీ సగమే పనిచేస్తోందా' అని అడుగుతాడు. మా అక్క కూతురు అడిగింది. పాత టీవీ ఆకారమే అదని చెప్తే అయిదు నిమిషాల్లో మర్చిపోయింది.

మళ్ళీ చూస్తే ముచ్చట పోతుందా?

కొంత పోతుంది. ఎక్కడ పోతుందో ముందే తెలిస్తే బాధ తక్కువ.

ఈ సిరీస్ ఎపిసోడ్లన్నిటినీ ఒకే చోట గీయలేదు. కథ, ప్లానింగ్ అమెరికాలో చేసి, యానిమేషన్‌ని జపాన్, కొరియా లాంటి చోట్ల వేర్వేరు స్టూడియోలకి పంచారు. చిన్న టీవీలో ఇది మనకి తెలియలేదు. బ్లూరేలో దాచడం కుదరదు. దీనికి మంచి ఉదాహరణ 'ఫీట్ ఆఫ్ క్లే', రెండు భాగాల కథ. మొదటి భాగం ఒక స్టూడియోది, కదలికలు కర్రల్లా ఉంటాయి, ముఖాలు షాటు షాటుకీ కొద్దిగా మారతాయి. రెండో భాగం టోక్యో మూవీ షిన్షాది. చివర్లో మట్టి మనిషిగా మారిన నటుడు క్లేఫేస్ చుట్టూ ఉన్న టీవీ తెరల మీద అతను నటుడిగా వేసిన వేషాలన్నీ ఒక్కసారి వెలిగే చోటు చూడండి. ఒంట్లోని మట్టి అదుపు తప్పి ఒక్కో తెరలోని ముఖంగా మారబోయి, పూర్తిగా మారకముందే ఇంకో ముఖంలోకి జారిపోతుంటుంది. నేను దాన్ని ఫ్రేము ఫ్రేముగా చూశాను. రెండు ముఖాల మధ్య వచ్చే ఆ మట్టి ముద్దలు కూడా లెక్కలేకుండా గీసినవి కావు, ప్రతిదానికీ బరువుంది. చిన్నప్పుడు నాకు అక్కడ ఎందుకు ఏడుపొచ్చిందో ఆ రోజు అర్థమైంది.

అయితే అదే సీను చిన్నపిల్లల్ని భయపెడుతుంది. మా అక్క కూతురు ఆరేళ్లప్పుడు దిండు వెనక దాక్కుంది. ఏడేళ్ల పిల్లాడైతే దాన్ని ముందు మీరొక్కరే చూసి, తర్వాత నిర్ణయించుకోండి.

తగ్గనిది ఒకటుంది, శబ్దం. షర్లీ వాకర్ ఆధ్వర్యంలో ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ ఆర్కెస్ట్రాతో సంగీతం చేశారు. చిన్నప్పటి మన టీవీ స్పీకర్‌లో అందులో సగం కూడా వినపడలేదు. కెవిన్ కాన్‌రాయ్ బ్రూస్ వేన్‌కి (ముసుగు లేని బ్యాట్‌మ్యాన్‌కి) ఒక గొంతు, బ్యాట్‌మ్యాన్‌కి ఒక గొంతు పెట్టిన తేడా మంచి స్పీకర్లలో స్పష్టంగా తెలుస్తుంది. నాకైతే బొమ్మ కంటే దీనికే బ్లూరే డబ్బు గిట్టింది.

మీరు చిన్నప్పుడు డబ్బింగ్‌లో చూసుంటే మాత్రం జాగ్రత్త. ఆ గొంతులు డిస్కు మీద ఉన్నాయో లేదో భాషల పట్టిక చూసే కొనండి. ఇంకొకటి, 24 ఫ్రేముల ఫిల్మ్‌ని 25కి వేగం పెంచి ఇచ్చే ప్రసారాలు, డిస్కులు కొన్ని దేశాల్లో ఉండేవి. అలా చేస్తే 22 నిమిషాల ఎపిసోడ్ దాదాపు 21లో అయిపోతుంది, గొంతులు కొద్దిగా సన్నబడతాయి. అలాంటి దానికి చెవి అలవాటైతే అసలు వేగం మొదట్లో నీరసంగా తోస్తుంది. రెండు మూడు ఎపిసోడ్లకి సర్దుకుంటుంది.

ఏ వరసలో చూడాలి?

డీవీడీలో 'ఆన్ లెదర్ వింగ్స్' మొదట వస్తుంది, అది తయారైన వరస. టీవీలో 1992 సెప్టెంబర్ 5న మొదట వేసింది 'ది క్యాట్ అండ్ ది క్లా' మొదటి భాగం, దాని రెండో భాగం వారం తర్వాత వచ్చింది. కథలు చాలావరకు దేనికదే కాబట్టి ఈ గొడవ మీద ఎక్కువ బుర్ర పెట్టకండి. ఒక్కటి పాటించండి: హార్వీ డెంట్ మంచివాడిగా, బ్రూస్ స్నేహితుడిగా కనిపించే 'ప్రెట్టీ పాయిజన్' చూశాకే, అతనే విలన్‌గా మారే 'టూ-ఫేస్' రెండు భాగాలూ పెట్టండి. స్నేహితుడని తెలిస్తేనే అక్కడ మనసు కదులుతుంది.

'హార్ట్ ఆఫ్ ఐస్'తో మొదలుపెట్టమన్నది ఎందుకంటే అందులో పిల్లాడికి మంచు తుపాకీ ఉంది, మీకు విలన్ మిస్టర్ ఫ్రీజ్ దుఃఖం ఉంది. ఇద్దరూ ఒకే 22 నిమిషాలు చూస్తారు, వేర్వేరు కథలు చూస్తారు. రచయిత పాల్ డీనీకి ఎమ్మీ అవార్డు తెచ్చిన రచన అది. మొదట్లో ఒక గాజు గోళంలో మంచు రాలుతుంటుంది, లోపల చిన్న నర్తకి తిరుగుతుంటుంది. డీవీడీలో ఆ రాలే మంచు ముద్దలుగా ఉంటుంది, బ్లూరేలో రేకు రేకుగా తెలుస్తుంది. కొత్త డిస్కు బాగుందో లేదో చూసుకోడానికి నేను పెట్టే మొదటి షాటు ఇదే.

రోజుకి ఒకటి, మహా అయితే రెండు. నేనొక ఆదివారం ఏకబిగిన పదకొండు చూశాను. అయిదోది దాటాక కథ కనపడటం మానేసింది, కేప్ విప్పి దూకే షాట్లు లెక్కపెట్టడం మొదలైంది. వారానికో రోజుకో ఒకటి వస్తుందనుకుని తీసినవాటిని అలా మింగితే తప్పు వాటిది కాదు.

పూర్తి బ్లూరే సెట్‌లో 109 ఎపిసోడ్లుంటాయి. అందులో 85 అసలువి, 24 'ది న్యూ బ్యాట్‌మ్యాన్ అడ్వెంచర్స్'వి. ఈ రెండోవి 1997 నుంచి వచ్చినవి, బొమ్మల రూపం మారిపోయింది. జోకర్ కళ్ళు నల్లటి గుంటల్లా, పెదాల ఎరుపు మాయమై ఉంటాయి. నా మిత్రుడొకడు డిస్కు పాడైందని వెనక్కి పంపబోయాడు.

కొనేముందు మీ ప్లేయర్ ఏ రీజియన్‌దో (ఏ దేశాల డిస్కులు ఆడిస్తుందో), డిస్కు ఏ రీజియన్‌దో సరిచూసుకోండి. పాత డీవీడీల్ని పారేయొద్దు. అబ్బాయి తన చేత్తో తను పెట్టుకోడానికి అవే ఇవ్వండి, గీతలు పడితే పడతాయి.

ముందు ఆ పాజ్ పరీక్ష చేసి, అయిదు ఫ్రేముల్లో ఎన్నింటికి దువ్వెన వచ్చిందో, ఏ ఎపిసోడో, ప్లేయర్ మోడల్ ఏంటో ఇక్కడ రాయండి. ఒకటి రెండు వస్తే ఏ సెట్టింగు మార్చాలో చెప్తాను. అయిదుకి అయిదూ మసకగా, రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడినట్టుగా వస్తే మాత్రం ఆ డిస్కు తయారైనప్పుడే అలా తయారైంది, ప్లేయర్‌ని తిట్టి లాభం లేదు.